మా పల్లె గుడి, రైలుపట్టా గంట

మా గుడికి, అంటే మా పల్లె చర్చికి, గంట ఉండేది కాదు. రైలుపట్టా ముక్క ఉండేది. మూరన్నర పొడవు, ఒక చివర బెజ్జం, ఆ బెజ్జంలో తుప్పు పట్టిన గొలుసు, గొలుసు పైన వేపకొమ్మ. పక్కనే గోడ గూట్లో పెద్ద ఇనప బోల్టు. ఆదివారం పొద్దున ఏడింటికి మొదటి గంట, ఎనిమిదింటికి రెండో గంట. మొదటి గంటకి స్నానాలు, రెండో గంటకి పరుగులు. మూడో గంట కూడా ఉండేది గానీ అది ఎవరైనా పోయినప్పుడు మాత్రమే. ఒక్కో దెబ్బకీ మధ్య చాలాసేపు ఆగి కొట్టేవాళ్లు. పొలంలో ఉన్నవాళ్లు రెండో దెబ్బకే కొడవలి పక్కన పెట్టి లేచి నిలబడేవాళ్లు.

బెజవాడ నుంచి ఖమ్మం, డోర్నకల్ మీదుగా సికింద్రాబాద్ పోయే రైలు మార్గం మా ఊరికి మూడు మైళ్లు. నైజాం రైల్వే వాళ్లు 1889లో ఆ లైను బెజవాడ దాకా తెచ్చారు. మా పల్లెలో నాలుగైదు కుటుంబాల వాళ్లు ఆ లైను మీద గ్యాంగు పనికి పోయేవాళ్లు. పట్టా ముక్క అలా వచ్చిందని అందరికీ తెలుసు. ఎలా తెచ్చారని మాత్రం ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు నేను గుచ్చి గుచ్చి అడిగితే మా తాత "దేవుడిచ్చాడ్రా" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. మోషే పది ఆజ్ఞల్లో ఎనిమిదోది, దొంగిలించకూడదన్నది, ఆయనకి నాకంటే బాగా తెలుసు.

మేం ఆంగ్లికన్లం, అంటే ఇంగ్లండు సంఘం వాళ్లం. ఆ మాట నేను కాలేజీకి వచ్చాకే విన్నాను. హాస్టల్లో ఒక స్నేహితుడు "మీరు ఏ చర్చి?" అని అడిగితే "మా ఊరి చర్చి" అన్నాను. పల్లెలో మాకు తెలిసిన తేడా ఒకటే. మేం చిలకరించే వాళ్లం, అవతలి పల్లెవాళ్లు ముంచే వాళ్లు. పసిపిల్లల తల మీద మూడుసార్లు నీళ్లు చల్లితే మా మిషను, పెద్దయ్యాక చెరువులో ముంచితే బాప్టిస్టు మిషను. ముంచే వాళ్ల ఇంటి నుంచి కోడల్ని తెచ్చుకుంటే ఆ పిల్లది ఏ బాప్తిస్మం అని ఒక రాత్రంతా పెద్దల మధ్య వాదన నడిచేది. ఇంగ్లండు రాజుగారి సంఘం, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు, వీటి ఊసే మాకు తెలియదు. పాత ప్రార్థన పుస్తకంలో మాత్రం రాజు కోసం ఒక ప్రార్థన ఉండేది. 1947కి ముందు మా తాత లోపల మోకాళ్లూని జార్జి రాజుకు దీర్ఘాయువు అడిగి, బయటికొచ్చి కాంగ్రెసు మీటింగుకి పోయేవాడట. "అడగమన్నారు అడిగాం. ఇవ్వడం ఇవ్వకపోవడం ఆయన ఇష్టం" అనేవాడు.

గుడి చాలా చిన్నది. ముప్పై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు ఉంటుందేమో. ముందు తాటాకు పాక. తర్వాత మట్టి గోడలు. ఆ తర్వాత ఇటుక, గానుగ సున్నం, పైన బెంగుళూరు పెంకులు. నేను పుట్టేటప్పటికే పెంకులు నల్లబడిపోయాయి. తూర్పు వైపు రొట్టె, ద్రాక్షారసం పెట్టే బల్ల, దాని ముందు మోకాళ్లూనడానికి చెక్క కమ్మీ. పడమటి గుమ్మం దగ్గర బాప్తిస్మపు తొట్టి. సంఘంలోకి బాప్తిస్మంతోనే వస్తారు కాబట్టి తొట్టి గుమ్మం దగ్గరే ఉండాలని ఆంగ్లికన్ల పద్ధతి. మా ఊళ్లో రోళ్లు చెక్కే వాళ్లకి ఆ పని అప్పజెప్పారు. వాళ్లు రోలే చెక్కారు. అడుగున రోటికి ఉండే గుంట కూడా అలాగే ఉండేది. మా ఇంట్లో అందరం ఆ రోట్లోని నీళ్లతోనే క్రైస్తవులమయ్యాం.

తూర్పు గోడ మీద ఒక చిన్న పాలరాయి ఫలకం ఉండేది. ఇంగ్లీషులో ఒక దొరసాని పేరు, ఆవిడ జ్ఞాపకార్థం ఇంగ్లండు నుంచి ఎవరో డబ్బు పంపారని. పాలరాయి మా ఊళ్లో ఇంకెక్కడా లేదు కాబట్టి ఎండాకాలం ప్రసంగం మధ్యలో పిల్లలం వెళ్లి దానికి బుగ్గ ఆనించేవాళ్లం. ఇటుకలు ఎవరు కాల్చారు, సున్నం ఎవరు గానుగ ఆడించారు అన్నది ఆ రాయి మీద లేదు. మా నాయనమ్మకి మాత్రం నోటికి ఉండేది. వాగు నుంచి ఇసక మోసిన ఆడవాళ్ల పేర్లు పదహారు, వరసగా, ఇంటిపేర్లతో సహా చెప్పేది. అందులో ఒకావిడ నిండు చూలాలు. ఇసక గంప దించి ఇంటికెళ్లి ప్రసవించింది. పుట్టిన వాడికి అందుకే సొలోమోను అని పెట్టారు, గుడి కట్టిన రాజు పేరు.

వారంలో ఆరు రోజులు అది గుడి కాదు, బడి. ఊళ్లో బడి ఉన్నా మా పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టే రోజుల్లో పల్లెలో మిషను బడి పెట్టారు. ఒకాయనే పంతులు, ఆయనే ఉపదేశి. పొద్దున పలకలు, సాయంత్రం ప్రార్థన, రాత్రి లాంతరు పెట్టుకుని పెద్దవాళ్లకి అక్షరాలు. మా ఇళ్లల్లో మొదటి సంతకం పెట్టినవాడు మా తాత. ఆ సంతకం నేర్చుకున్నది బల్లకి రెండు గజాల దూరంలో, గోడకి నల్లరంగు పూసి చేసిన బోర్డు మీద. ఆదివారం ఆ నల్ల చదరం మీద తెల్ల దుప్పటి కప్పేవాళ్లు. కప్పినా పైన "అమ్మ, ఆవు" కొంచెం కనపడుతుండేది.

ఉపదేశి ప్రార్థన నడిపించొచ్చు, వాక్యం చెప్పొచ్చు, చచ్చినవాళ్లని పాతిపెట్టొచ్చు. కానీ రొట్టె, ద్రాక్షారసం ఇవ్వకూడదు. దానికి అభిషేకం పొందిన అయ్యగారే రావాలి. ఒక్క అయ్యగారికి పది పన్నెండు ఊళ్లు. కాబట్టి ఆ సంస్కారం మాకు రెండు మూడు నెలలకోసారి. అయ్యగారి సైకిలు గట్టు మీద కనపడగానే పిల్లలం ఎదురెళ్లి సంచీ అందుకునేవాళ్లం. ఆ సంచీలో తెల్ల అంగీ, చిన్న వెండి గిన్నె. గిన్నె గుడ్డలో చుట్టి ఉన్నా చేతికి చల్లగా తగిలేది. దాన్ని నేను మోశానంటే నేను మోశానని తర్వాత కొట్లాట.

ఈ కథంతా మచిలీపట్నంలో మొదలైంది. 1841లో చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) పంపగా రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు అక్కడికి వచ్చారు. నోబుల్ 1843లో పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ఆయన గురి పై కులాల కుర్రాళ్ల మీద. వాళ్లు మారితే కిందికి అదే పాకుతుందనుకున్నాడు. జరిగింది తలకిందులు. గుంపులుగా వచ్చింది మాలపల్లెల నుంచి. మా తాత తరం చెప్పుకునే పేరు నోబుల్ ది కాదు, రాఘవాపురం పాగోలు వెంకయ్యది. చదువు లేదు. బొమ్మల్లో దేవుడు లేడని ఎవరో అన్న మాట పట్టుకుని, మరైతే ఉన్నవాడెవడో కనిపించమని ఆకాశం వైపు చూసి ఏళ్ల తరబడి అడిగిన మనిషి. 1859లో బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. అప్పటికి దొరలు ఈ పల్లెల గడప తొక్కలేదు. వెంకయ్యే వాళ్లని వెతుక్కుంటూ పోయాడు. మా తాత ఈ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇక్కడ ఆగేవాడు. "దొర మన దగ్గరికి రాలేదురా. మనమే పోయాం" అని.

అయినా నాయనమ్మకి ఇవేవీ పట్టవు. ఆమె చరిత్రంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. తండ్రిగారు.

తండ్రిగారంటే బిషప్ అజరయ్య. తిరునెల్వేలి జిల్లాలో వెల్లాలన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టిన తమిళుడు, ఒక పల్లెటూరి పాస్టరు గారి కొడుకు. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో ఒక మిషను పెట్టుకుని, నైజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. 1909లో ఆయన స్వయంగా అక్కడికి పనికి వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదటిసారి. మొదట ఆయన కింద ఉన్న ప్రాంతం, అంటే డయోసీసు, చిన్నది. పోను పోను కృష్ణా జిల్లా పల్లెలన్నీ అందులోకి చేరాయి. దాంతో దొరల కిందున్న మా గుడి ఒక తమిళాయన కిందికి వచ్చింది. కొందరు దొరలకి అది మింగుడు పడలేదంటారు. నాయనమ్మ వాళ్లకి మాత్రం పండగ.

ఆయన్ని ఆవిడ రెండుసార్లు చూసింది. మొదటిసారి పన్నెండేళ్ల పిల్లగా, బాప్తిస్మం రోజున. ఎడ్లబండి దిగాడట. నల్లగా, కళ్లద్దాలతో, మన మనిషిలాగే ఉన్నాడట. "మన మనిషిలాగే" అన్న మాట దగ్గర నాయనమ్మ గొంతు ఎప్పుడూ కొంచెం పెరిగేది. తెలుగు మాట్లాడాడు గానీ అందులో అరవ యాస. పిల్లలు నవ్వితే ఆయనా నవ్వాడు. బాప్తిస్మానికి ముందు పరీక్ష. చదువు రాని వాళ్లయినా సరే పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి అప్పజెప్పాలి. కలుపు తీస్తూ, వరి నాట్లేస్తూ ఆడవాళ్లంతా అవే వల్లించారు. నాటు పాట బాణీలో పెట్టుకుంటే తొందరగా వచ్చాయట. నాయనమ్మకి ముసలితనంలో కూడా పది ఆజ్ఞలు చెప్పమంటే నడుం కొంచెం ముందుకి వంగేది.

నీళ్లు చల్లాక ఆయన కొత్తగా చేరిన వాళ్లందరి చేత ఎవరి చెయ్యి వాళ్ల తల మీదే పెట్టించాడు. సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు రాసిన మాటను అలాగే నిలబెట్టి చెప్పించాడు. ఇది ఒక్క మా ఊరి సంగతి కాదు, ఆయన ఎక్కడికి పోయినా అలాగే చేయించేవాడు. ఈ కథ చెప్తున్నప్పుడు నాయనమ్మ చెయ్యి తనకి తెలియకుండానే తల మీదికి పోయేది. అరచేయి వెడల్పుగా పరిచి, పాపిట మీద. మిరపకాయలు కోసి కోసి వేళ్లు ఎర్రగా ఉన్న రోజుల్లో కూడా, కళ్లు మండుతాయని మేం అరుస్తున్నా, ఆ కథకి ఆ చెయ్యి లేవాల్సిందే.

రెండోసారి, బాప్తిస్మం తీసుకున్నవాళ్లని బిషప్పు తల మీద చెయ్యి పెట్టి సంఘంలో స్థిరపరిచే కన్ఫర్మేషన్‌కి. దాని గుర్తు రిజిస్టరులో ఉంది. ఈ రిజిస్టరు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి.

అట్ట ఊడిపోయిన పొడుగాటి పుస్తకం. గడులన్నీ ఇంగ్లండు పద్ధతిలో అచ్చు వేసినవి. బాప్తిస్మం తేదీ, పిల్ల పేరు, తలిదండ్రుల పేర్లు, ఊరు, తండ్రి వృత్తి, బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం. ఇంగ్లండు పల్లెల్లో ఆ వృత్తి గడిలో ఎన్ని రకాలు రాసేవారో. మాదాంట్లో పేజీలకి పేజీలు ఒకటే మాట. కూలి. కూలి. పాలేరు. కూలి. పైనున్న మాట మళ్లీ రాయడం విసుగై ఒక ఉపదేశి కింద రెండు గీతలు పెట్టుకుంటూ పోయాడు. నలభై మంది తండ్రుల కింద ఆ రెండు గీతలే. 1930ల చివర్లో ఒక్క చోట మాత్రం "గ్యాంగు కూలి, రైల్వే" అని ఉంది. ఆ రైలుపట్టా ముక్క ఆయన ఘనకార్యమేనని నా అనుమానం. రుజువు లేదు.

తేదీలు కూడా వింతగా ఉంటాయి. జూన్, జూలై కాక "త్రిత్వ ఆదివారం తర్వాత తొమ్మిదవ ఆదివారం" అని. ఆంగ్లికన్ల పంచాంగంలో ఈస్టరు అయిన ఎనిమిది వారాలకి త్రిత్వ ఆదివారం వస్తుంది. అక్కడి నుంచి ఆగమన కాలం దాకా, అంటే ఇంచుమించు నవంబరు చివరిదాకా, ఆదివారాలన్నిటికీ అంకెలే. త్రిత్వ ఆదివారం ఎక్కువగా రోహిణి కార్తెలోనో మృగశిర కార్తెలోనో పడుతుంది. అందుకని నాయనమ్మ రెండు పంచాంగాలూ కలిపేసుకుంది. "మీ నాన్న మఖ కార్తెలో పుట్టాడు, త్రిత్వం తర్వాత పన్నెండో ఆదివారం బాప్తిస్మం" అనేది. ఆ రెండూ సరిపోతాయో లేదో ఒకసారి కాలెండరు ముందు వేసుకుని లెక్క కట్టాను. సరిపోయాయి.

కన్ఫర్మేషన్ పేజీల్లో బిషప్పు సంతకం ఉంటుంది. "వి. ఎస్. డోర్నకల్" అని. చిన్నప్పుడు డోర్నకల్ ఆయన ఇంటిపేరనుకున్నాను. ఇంటిపేరు బదులు తన డయోసీసు పేరు పెట్టి సంతకం చేయడం ఆంగ్లికన్ బిషప్పుల ఆచారమని తర్వాతెప్పుడో తెలిసింది. దాని పైన వరసలో నాలుగో పేరు నాయనమ్మది. పక్కన వేలిముద్ర లాంటి మరక ఉంది. వేలిముద్రో, సిరా మరకో తెలియదు. నేను మాత్రం వేలిముద్రే అనుకుంటాను.

తాత డోర్నకల్ వెళ్లి చూసొచ్చిన సంగతి ఇంకోటి. అక్కడి పెద్ద గుడి పాతికేళ్లు కట్టారు. దాన్ని 1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షత పండుగ నాడు ప్రతిష్ఠించారు. గుడి పేరూ ఆ పండుగదే. పల్లెల నుంచి జనం రైళ్లలో, బళ్లలో, నడిచీ పోయారు. తాత బాచ్ కి టికెట్టు డబ్బులు పిడికెడు బియ్యం నుంచి వచ్చాయి. ప్రతి ఇంట్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేవాళ్లు. అది దేవుడి బియ్యం. ఎంత లేని రోజైనా ముందు ఆ పిడికెడు పక్కకి పోవాల్సిందే. ఆదివారం ముంతలన్నీ బల్ల దగ్గర కుమ్మరిస్తే లావు బియ్యం, సన్న బియ్యం, నూకలు అన్నీ కలిసి ఒక రాశి. ఉపదేశి జీతంలో సగం అదే. ఆయన ఇంట్లో అన్నం ఎప్పుడూ రెండు రంగుల్లో ఉండేదని పిల్లలం నవ్వుకునేవాళ్లం.

డోర్నకల్ గుడి చూసొచ్చి తాత చెప్పిందేమిటంటే, అది దొరల గుడిలా లేదు. మసీదులకుండే మీనార్లున్నాయి, గుమ్మటాలున్నాయి, లోపల మన దేవళాల మండపానికుండే రాతి స్తంభాలున్నాయి. అజరయ్య గారు కావాలనే అలా కట్టించారు. ఇంగ్లండు సంఘంలో బిషప్పే గానీ గుడి మాత్రం ఈ మట్టి గుడిలా ఉండాలనుకున్నారు. తాత తిరిగొచ్చి మా పెంకుల గుడికి కూడా ఒక గుమ్మటం పెడదామన్నాడు. పెద్దలు ఖర్చు లెక్కలేసి నోరు మూసుకోమన్నారు.

1945 జనవరి 1న తండ్రిగారు డోర్నకల్‌లో పోయారు. మా ఊళ్లో ఆరోజు కొత్త సంవత్సరపు ఆరాధన అయ్యి మనుషులు ఇంకా ఇళ్లకి చేరుతూనే ఉన్నారట. కబురు ఎప్పుడు అందిందో గానీ, అందినప్పుడు ఎవరూ చెప్పకుండానే పట్టా మోగిందని, దెబ్బకీ దెబ్బకీ మధ్య అంతసేపు ఆగడం మళ్లీ ఎప్పుడూ వినలేదని నాయనమ్మ అనేది.

రెండేళ్ల తర్వాత సంఘం పేరే మారింది. అజరయ్య గారు 1919లో తరంగంబాడిలో మొదలుపెట్టిన మాటలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో తేలాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఒకటైన ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) అయ్యారు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది అందులో చేరకుండా విడిగా ఉండిపోయి 1975లో గాని కలవలేదు. అక్కడి కథ అక్కడి వాళ్లు రాయాలి. మా ఊళ్లో ఏం మారిందంటే, గోడ మీద సి.ఎం.ఎస్. చెరిపి సి.ఎస్.ఐ. రాశారు. ఒక్క అక్షరం తేడాకి అంత సున్నం ఎందుకు ఖర్చు అని తాత గొణిగాడట.

అసలు మారింది ఇంకోటి. కొత్త ఆరాధన క్రమంలో సంస్కారానికి ముందు సమాధానం, అంటే శాంతి, ఇచ్చుకోవడం వచ్చింది. అయ్యగారు బల్ల దగ్గర మొదలుపెట్టి ఒకరి చేతిలో చెయ్యి పెడతారు. వాళ్లు పక్కవాళ్ల చేతిలో, వాళ్లు ఆ పక్కవాళ్ల చేతిలో. కుడి అరచేతిలో కుడి అరచెయ్యి, దాని మీద ఎడమ చెయ్యి మూత. ఊళ్లో టీ గ్లాసు కూడా వేరుగా పెట్టే రోజులు. అయ్యగారిది వేరే కులం. ఆయన చెయ్యి మొదటిసారి తన చేతిలోకి వచ్చినప్పుడు తాత చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. అలవాటు. అయ్యగారు మళ్లీ చెయ్యి చాపి అలాగే నిలబడ్డారు. గుడంతా చూస్తోంది. ఎంతసేపు నిలబడ్డారని అడిగితే తాత "చాలాసేపు" అని మాత్రం అనేవాడు.

ఇది చెప్పినప్పుడు ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. మా పల్లె అవతల మాదిగపల్లె. వాళ్లకి వేరే మిషను గుడి. వాళ్ల పండక్కి మేం పోలేదు, మా పండక్కి వాళ్లు రాలేదు. ఒకే దేవుడి పేరు రెండు గుళ్లలో మైకుల్లో వినపడుతూ ఉండేది, మధ్యలో ఒక పంటకాలవ. ఆ కాలవ మీద మూడంగల్లో దాటే తాటిమొద్దు ఉండేది. నా చిన్నతనంలో దాన్ని పిల్లలం దాటాం గానీ పెద్దవాళ్లు దాటలేదు.

పండగల గురించి రాస్తే ఇది తెమలదు. క్రిస్మస్ రాత్రి వెదురు నక్షత్రం, మట్టల ఆదివారం తాటిమట్టలు, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో మైనపు వత్తులు అందరికీ తెలిసినవే. కోత పండగ మాత్రం మా గుడికే అందం. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపెట్టలు, గుడ్లు, అరటిగెలలు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేప కింద వేలం. కోడి మధ్యలో అరుస్తుంటే ప్రసంగం. ఒక ఏడాది మా నాన్న తను తెచ్చిన పుంజునే తనే వేలంలో పాడుకుని ఇంటికి తీసుకొచ్చాడు, రెట్టింపు ధర కట్టి. ఆ పుంజు అంటే నాకు ప్రాణమని ఆయనకి తెలుసు. ఆ రాత్రి నాయనమ్మ ఆయన్ని తిట్టిన తిట్టు పది ఆజ్ఞల్లో ఎక్కడా లేదు.

నాన్న పేరు రిజిస్టరులో సమూయేలు. బడి సర్టిఫికెట్లో సాంబశివరావు. మా ఇళ్లల్లో ప్రతి మగవాడికీ ఇలా రెండు పేర్లు. బయటివాళ్లకి ఇది అర్థం కాదు కాబట్టి చెప్తున్నాను. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం కిందికి రాడు. మన రాష్ట్రంలో మతం మారిన వాళ్లని బీసీ-సి అన్నారు, రిజర్వేషన్ ఒక్క శాతం. వెలి మాత్రం ఒక్క శాతం కూడా తగ్గలేదు. కాబట్టి బడిలో చేర్చేటప్పుడు పంతులుగారే "పేరు ఏం రాయమంటావు?" అని ఆగి చూసేవాడు. గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఆ రిజిస్టరు మా పుట్టుపూర్వోత్తరాల పుస్తకం. ఎవరి చేతికైనా చిక్కితే ఉద్యోగాలు ఊడగొట్టే పుస్తకం కూడా. దాన్ని జాగ్రత్తగా ఉంచమని అడిగిన నోళ్లే చెదలు పడితే బాగుండునని కూడా అనుకున్నాయి. నాన్న ఉద్యోగం చేసినన్నాళ్లూ గుడి వైపు పట్టపగలు పోలేదు. రిటైరైన మర్నాడు ఆదివారం కాకపోయినా వెళ్లి తాళం తీయించుకుని కూర్చున్నాడు.

పాత గుడి ఇప్పుడు లేదు. వాన కురుస్తోందని, చాలడం లేదని తీసేసి స్లాబు వేశారు. పెద్దది, టైల్సు, ఏసీకి కన్నాలు, రంగురంగుల లైట్లు. దాన్ని నేను తిట్టను. ఇసక మోసిన వాళ్ల మునిమనవలు గల్ఫ్ నుంచీ హైదరాబాద్ నుంచీ డబ్బు పంపి కట్టుకున్నారు, ఈసారి ఫలకం మీద వాళ్ల పేర్లే ఉన్నాయి, తెలుగులో. నాకు నచ్చనిది ఒకటే. రోలు తొట్టిని గుమ్మం దగ్గర నుంచి తీసి పెరట్లో పడేశారు. అందులో తులసి కాదు గానీ ఏదో క్రోటన్ మొక్క పెరుగుతోంది. అడిగితే "ప్లాస్టిక్ బేసిన్ తేలికండీ" అన్నాడు సంఘం సెక్రటరీ కుర్రాడు. అతను చెప్పింది నిజమే.

మొన్న పోయినప్పుడు చిన్నాన్న బీరువా తాళం తీశాడు. ఇప్పుడు రిజిస్టరు ఆయన దగ్గరే ఉంటుంది. చెదలు ఒక మూల తిన్నాయి, నాయనమ్మ పేజీ దాకా రాలేదు. వేలు పెట్టి చూపించాడు. నాలుగో పేరు, ఆ మరక, కింద వి. ఎస్. డోర్నకల్. ఫోను తీశాను.

"తీసుకో. కానీ ఎక్కడా పెట్టకు. పిల్లలు పరీక్షలు రాస్తున్నారు" అన్నాడు.

ఎనిమిది ఫొటోలు తీశాను. అవి నా ఫోనులోనే ఉన్నాయి. ఈ రాతలో మా ఊరి పేరు లేనిది కూడా అందుకే. చిన్నాన్న పుస్తకాన్ని పాత పంచె గుడ్డలో చుట్టి లోపల పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకుంటూ టైము చూసుకున్నాడు. శనివారం సాయంత్రం ప్రార్థన వేళయింది. కొత్త గుడికి మైకులో గంట రికార్డింగు ఉంది, బటన్ నొక్కితే చాలు. ఆరోజు కరెంటు లేదు. ఆయన పెరట్లోకి నడిచి క్రోటన్ మొక్క పక్కన గడ్డిలో వెతికి బోల్టు తీశాడు. "నువ్వు కొడతావా?" అన్నాడు నా వైపు చూసి.

నేను కొట్టాను. చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది.